మన యింటి కడుపుమందులు: ఒక చారిత్రక విచారము

చరిత్ర యనగానే చదువరులకు రాజులును, యుద్ధములును, శాసనములును తలపునకు వచ్చును. వంటయింటి గూటిలోని డబ్బీలకును ఒక చరిత్ర కలదనియు, అది శాసనముల చరిత్రకంటె మన ప్రాణములకు దగ్గరదనియు తలచువారు అరుదు. వాము, శొంఠి, ఇంగువ, కరక్కాయ, వసకొమ్ము, సునాముఖి - వీనిలో నాలుగైదైనను లేని యిల్లు మా పామర్రు ప్రాంతమున కానరాదు. బిడ్డకు కడుపు నొచ్చినను, పెద్దలకు అజీర్తి చేసినను, చేయి మొదట పోవునది ఆ గూటికే. వీనిలో ఏది నిజముగా మేలు చేయును, ఏది కీడు చేయును, ఆ సంగతి లోకమునకు ఎట్లు తెలిసినది అను ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విషయమున మన విద్యావంతులు రెండు పక్షములై యున్నారు. పెద్దలు చెప్పిన ప్రతి యాకును అమృతమని యొక పక్షము. ఆకులలముల మాట యంతయు మూఢత్వమని రెండవ పక్షము. ఇరుపక్షములవారును తీర్పు చెప్పుటకు తొందరపడుచున్నారే కాని, సాక్ష్యమును విచారించుట లేదు. సాక్ష్యము చరిత్రలో నున్నది.

మొదట మా దేశస్థితిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1852వ సంవత్సరమున ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట కృష్ణాడెల్టాకు అన్నము పెట్టినది. గుడివాడ, పామర్రు, బందరు ప్రాంతముల మాగాణి యంతయు ఆ కాలువల చలువయే. కాని కాలువ నీటితో నిండిన చెఱువే ఊరికి మంచినీళ్ళ చెఱువు. తీరమునకు దగ్గరగనున్న పల్లెలలో నూతినీరు ఉప్పన యగుటచే దానికి మాఱు లేదు. మీది యూరివారు బట్టలుతికి, పశువులను కడిగి విడిచిన నీరు క్రింది యూరివారి కుండలోనికి వచ్చుచుండెను. 1864 నవంబరు 1వ తేదీని బందరును ముంచి ముప్పదివేలమందిని పొట్టపెట్టుకొన్న ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనయు మనుష్యులను చంపుటతో పోలేదు. చెఱువులను, నూతులను గూడ పాడుచేసి పోయినవి. కలరా క్రిమి నీటిద్వారా వ్యాపించునని 1884లో కాకు పండితుడు కలకత్తాలోని ఒక చెఱువును పరీక్షించి నిరూపించువఱకు, ఈ వ్యాధులకు గ్రామదేవత యాగ్రహమే కారణమని జనులు తలచుచుండిరి. నీరు ఇట్టిదైనచోట కడుపుమందులకు గిరాకి యుండుట వింత గాదు.

మన ప్రాచీన వైద్యులు కడుపునకు ఇచ్చిన ప్రాధాన్యము మిక్కిలి గొప్పది. 'కాయచికిత్స' యను మాటలో కాయమనగా జఠరాగ్నియే యని వ్యాఖ్యాతలు చెప్పిరి. చరకసంహితలో గ్రహణికి ఒక యధ్యాయమును, అతిసారమునకు వేఱొక యధ్యాయమును కలవు. ఆమముతో కూడిన విరేచనమును మొదటనే మందువేసి కట్టరాదనియు, దోషము వెడలిన పిమ్మటనే స్తంభనౌషధము నీయవలెననియు వారు విధించిరి. నేటి వైద్యులును జిగటరక్త విరేచనములలో ప్రేగుల కదలికను బిగబట్టు మందులను వలదనుచున్నారు. సూక్ష్మక్రిములను కనులార చూడనివారు కేవలము రోగిని చూచి ఈ నియమమును కనుగొనుట వారి పరిశీలనాశక్తికి నిదర్శనము.

మొక్కలలోని పదార్థములు కడుపులో ఏమి చేయునో నేటి రసాయనశాస్త్రము కొంతవఱకు తేటపఱచినది. కరక్కాయలోని వగరు ఒక విధమైన టానిన్. అది ప్రేగుల లోపలి పొరపైనున్న మాంసకృత్తులతో కలిసి దానిని బిగించును. ఇసపగోల గింజల జిగురు నీటిని పీల్చుకొని ఉబ్బును. కావుననే అది మలబద్ధమునకును, నీళ్ళ విరేచనమునకును గూడ ఉపకరించును. సునాముఖిలోని పదార్థము చిన్నప్రేగులలో ఏ మార్పును పొందక సాగిపోయి, పెద్దప్రేగులలోని సూక్ష్మజీవులచే విడగొట్టబడిన పిమ్మటనే పనిచేయును. రాత్రి తిన్న ఆకు తెల్లవాఱిన తరువాత గాని గుణమీయకుండుటకు కారణమిదియే. ఇక ఆముదము: వేలయేండ్లుగా లోకమంతయు త్రాగుచున్న ఈ నూనె, కడుపులో విడివడి రిసినోలిక్ ఆమ్లమై ప్రేగు కండరములపైనున్న ఒకానొక గ్రాహకమును తట్టునని తెలిసినది 2012లో మాత్రమే. మందు పనిచేయుననుట వేఱు, ఎందులకు పనిచేయునో తెలియుట వేఱు. ఈ రెంటికి నడుమ కొన్ని మందుల విషయమున యుగములు గడచినవి.

మన మొక్కలను పాశ్చాత్యశాస్త్రము ఎదుట నిలిపినవారిలో విలియం రాక్స్‌బరో ముఖ్యుడు. ఆతడు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నుండి, మన దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని తెలుగు పేర్లను సంపాదించెను. ఆ కృషియే 1795 నుండి కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథముగా లండనులో వెలువడినది. సోమిద చెట్టు పట్టను జ్వరములకు వాడదగునని తలచి ఆతడు దానిని ఎడింబరోకు పంపగా, 1794లో ఆండ్రూ డంకన్ అను విద్యార్థి దానిపై తన పట్టపరీక్షకు వ్యాసము వ్రాసెను. మన పల్లెవారు పిలిచిన సోమిద యను తెలుగుపేరే లాటిన్ శాస్త్రనామమున నేటికిని నిలిచియున్నది. పేరు సరిగా వ్రాసికొనుట, మొక్కను సరిగా గుర్తించుట, పట్టను తూచి పరీక్షకు పంపుట - ఇవి చిన్న పనులుగా తోచును గాని, ఔషధశాస్త్రమునకు పునాదులివియే.

పేరు చెడిన యెడల ఏమగునో కొడిసెపాల కథ తెలుపును. సంస్కృతమున దీనికి కుటజమని పేరు. మేఘసందేశమున యక్షుడు మేఘునకు అర్ఘ్యమిచ్చినది ఈ పూలతోనే. కాని వైద్యులు దీని పూలను గాక పట్టను కోరిరి. జిగటవిరేచనములకు కుటజారిష్టమును మించినది లేదని మన వైద్యుల నమ్మకము. ఈ చెట్టు కొండ యడవులలో పెరుగునది. డెల్టావాసులమగు మేము దుకాణమున ఎండుపట్టను కొనవలసినవారమే గాని, చెట్టును చూచి కోసికొనువారము గాము. దీనిని పోలినదే మఱియొక పాలచెట్టు కలదు. ఏటికొప్పాక వారు లక్కబొమ్మలు చేయు అంకుడుకఱ్ఱ ఆ చెట్టుదే. రెంటికిని పాలు కారును, రెంటి కాయలును జంటలుగా వ్రేలాడును. పట్ట యెండిన పిమ్మట భేదము తెలిసికొనుట కష్టము. కాని మందుగుణము రెంటికి సమానము గాదు. ఐరోపా శాస్త్రజ్ఞులు సహితము ఈ చెట్లను చాలకాలము కలగాపులగము చేసిరి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున కొడిసెపాల పట్టనుండి తీసిన క్షారమునకు కొనెస్సిన్ అని యొకరును, రైటిన్ అని వేఱొకరును పేరిడుటయే యిందులకు తార్కాణము.

ఇరువదవ శతాబ్దమున ఈ పట్టకు మంచిదినములు వచ్చినవి. జిగటరక్త విరేచనములలో నొక తెగకు అమీబా యను సూక్ష్మజీవి కారణమని అప్పటికి తెలిసియుండెను. 1912లో కలకత్తాలో లెనార్డు రోజర్సు దానికి ఎమెటిన్ సూదిమందును ప్రవేశపెట్టెను. అదియు ఒక విదేశపు మొక్క వేరునుండి తీసినదే; అది గుండెను బలహీనపఱచును. కలకత్తా ఉష్ణమండల వైద్యకళాశాలలో రామనాథ చోప్రాగారును, వారి సహచరులును కొడిసెపాల క్షారములను పరీక్షించి, ఇవి అమీబాపై పనిచేయునని చూపిరి. 1933లో వెలువడిన వారి దేశీయౌషధ గ్రంథమున ఈ పట్టకు గౌరవస్థానము లభించినది. చరకుని మాట పరీక్షకు నిలిచినదని మనము సంతోషింపవచ్చును. కాని కథ అక్కడ ముగియలేదు. శుద్ధమైన కొనెస్సిన్ ఎక్కువ మోతాదున నరములను, మనస్సును కలతపెట్టుచున్నదని తరువాత తేలినది. 1960ల పిమ్మట మెట్రోనిడజోల్ వచ్చుటతో ఆ చికిత్స వెనుకబడెను. ఒక మందు నిజమైనదగుటయు, దానికంటె మేలైనది దొరకుటయు, రెండును సత్యములే. ఇందు అవమానపడవలసినది లేదు.

వాము కథ దీనికంటె విచిత్రమైనది. బిడ్డ కడుపు ఉబ్బినప్పుడు మన తల్లులు నమిలి పెట్టు ఈ గింజలో థైమాల్ అను ఘాటైన పదార్థము కలదు. 1880 ప్రాంతమున ఇటలీదేశపు వైద్యుడు బొజ్జోలో, ఆల్ప్స్ పర్వతముల సొరంగమున పనిచేసిన కూలీల ప్రేగులలోని కొంకిపురుగులను ఈ థైమాల్‌తో వెడలగొట్టెను. 1909 నుండి 1914 వఱకు రాక్‌ఫెల్లరు ధనముతో అమెరికా దక్షిణరాష్ట్రములలో కొంకిపురుగులపై జరిగిన మహోద్యమమున ప్రధానౌషధము థైమాలే. దానికి కావలసిన వామును మన దేశము జర్మనీకి ఎగుమతి చేయుచుండెను. 1914 నాటి యుద్ధముచే ఆ వ్యాపారము నిలిచిన తరువాతనే థైమాల్‌ను ఇక్కడనే తీయు ప్రయత్నములు సాగినవి. గింజలను మన మమ్ముకొని, సారమును పరులయొద్ద కొనుచుంటిమి!

ఈ కథలో గృహిణులు గమనింపదగినది మఱొకటి కలదు. పురుగును చంపుటకు కావలసిన థైమాల్ చిటికెడు వాములో నుండునది గాదు. గ్రాములకొలది తూచి యీయవలసినది. ఆ మందు తిన్ననాడు నూనెయు, మద్యమును ముట్టరాదని వైద్యులు కఠినముగా శాసించిరి. ఏలయన, నూనెలో కరగిన థైమాల్ ప్రేగులలో నిలువక రక్తమున చేరి ప్రాణములకే మోసము తెచ్చును. గింజగా అది వంటదినుసు. సారముగా తీసిన అది విషమునకు పొరుగుది. మోతాదు మాఱిన వస్తువే మాఱును. కనుకనే దానికంటె అపాయము తక్కువైన మందులు దొరకినప్పుడు వైద్యులు దానిని విడిచిరి.

1918లో మద్రాసు ప్రభుత్వమువారు దేశీయౌషధములను పరీక్షించుటకు డాక్టరు కోమన్‌గారిని నియమించిరి. వారి నివేదిక మన వైద్యమును చిన్నచూపు చూచినదని దేశీయ వైద్యులు తీవ్రముగా నిరసించిరి. అంతట 1921లో ముహమ్మదు ఉస్మాన్‌గారి యధ్యక్షతను ఒక సంఘమేర్పడి, 1923లో నివేదిక సమర్పించెను. దాని ఫలముగా 1925లో మద్రాసున ప్రభుత్వ దేశీయ వైద్యపాఠశాల వెలసినది. ఆ కలహమున మన తెలుగువారిలో వన్నెకెక్కినవారు ఆచంట లక్ష్మీపతిగారు. పాశ్చాత్యవైద్యమున పట్టము పొంది, పిమ్మట ఆయుర్వేదమును అభ్యసించి, రెండు శాస్త్రములను ఒక గృహమున కాపురముంచ చూచిన మహాశయుడాయన. ఆయన మద్రాసున నడపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిన యువకుడే, తరువాత లోకప్రసిద్ధుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టిరి. వారి సోదరుడొకడు స్ప్రూ అను వ్యాధిచే మరణించెను. నాలుక పూయుట, తిన్నది ఒంటబట్టక విరేచనములై పోవుట, నెత్తురు తఱిగి మనిషి శుష్కించుట దీని లక్షణములు; మన వైద్యులు దీనిని గ్రహణిలో చేర్తురు. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరని వారి జీవితచరిత్రకారులు వ్రాయుచున్నారు. ఇంతటి యనుభవము కలిగినవాడు ఆ చికిత్సనే శిరసావహించి ఊరకుండవచ్చును. సుబ్బారావుగారు ఊరకుండలేదు. అమెరికాకు పోయి హార్వర్డున రసాయనశాస్త్రమును మథించి, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి.

అంతకుముందే, 1931లో, లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల పాండురోగము ఈస్టుసారముచే కుదురునని కనుగొనెను; అందలి పదార్థమేదో తెలియలేదు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పదార్థమును రవంత తీసి, ఆకునందు దొరకినది గనుక లాటిన్ భాషలో ఆకను అర్థమిచ్చు మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ బృందము దానిని ప్రయోగశాలలో నిర్మించెను. దానిని స్ప్రూ రోగులకు ఈయగా నాలుక పూత మానినది, నెత్తురు పట్టినది. తరువాతి పరిశోధనలలో, ఉష్ణదేశపు స్ప్రూ పూర్తిగా కుదురుటకు ఫోలిక్ ఆమ్లముతోబాటు టెట్రాసైక్లిన్ జాతి సూక్ష్మజీవనాశకమును ఈయవలెనని తేలినది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గరు పండితుడు కనుగొన్నదియు సుబ్బారావుగారి యాజమాన్యమున నున్న ఆ పరిశోధనాలయముననే. అది ప్రకటితమైనది 1948లో. ఆ యేటనే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. తోడబుట్టినవానిని పొట్టపెట్టుకొన్న రోగమునకు రెండు మందులును తన పరిశోధనాలయమునుండియే వెలువడుట లోకచరిత్రలో అరుదైన సంగతి. ఆకులో గుణమున్నదను మాట పాతదే; ఏ యాకులో, ఏ పదార్థమున, ఎంత మోతాదున అని యడిగినవాడు ఆ మాటను మందుగా మార్చెను.

ఇంతవఱకు చెప్పినది విన్న చదువరులు, మన గూటిలోని వస్తువులన్నియు ఎప్పుడో యొకప్పుడు శాస్త్రముచే గౌరవింపబడునవియే యని తలపవచ్చును. అట్లు గాదు. గలగల మాటలాడు పిల్లను చూచి "చిన్ననాడు వస పోసినారా?" యని మన మందుము. పసిబిడ్డకు మాటలు వచ్చుటకును, కడుపు కుదురుటకును వసకొమ్మును అరగదీసి నాకించుట మన యాచారము. వసలో బీటా-ఆసరోన్ అను పదార్థము కలదు. ఎలుకలకు మేపి చూడగా అది కణితులను పుట్టించినందున 1968లో అమెరికా ప్రభుత్వము వసను ఆహారవస్తువులలో చేర్చుటను నిషేధించినది. వసలో పలుజాతులు కలవు; మన దేశపు జాతియందు ఆ పదార్థము హెచ్చు.

వసకంటె భయంకరమైనది గాడిదగడప. నల్లరేగడి చేల గట్లపై ప్రాకు ఈ మొక్క ఆకుపసరును పిల్లల కడుపులోని పురుగులు పడుటకు పోయుట మన పల్లెలలో పాతవాడుక. సంస్కృతమున దీనికి కీటమారి యని పేరు. పురుగును చంపుననుట నిజమే కావచ్చును. కాని దీని కుటుంబపు మొక్కలలో అరిస్టొలోకిక్ ఆమ్లము కలదు. అది మూత్రపిండములలోని కణముల బీజపదార్థమునకు అంటుకొని, యేండ్లు గడచిన పిమ్మట మూత్రపిండములను ఎండగట్టును, మూత్రమార్గమున పుట్టకురుపును కలిగించును. 1990ల తొలియేండ్లలో బ్రసెల్సు నగరమున లావు తగ్గుటకు చీనా మూలికల బిళ్ళలు మింగిన స్త్రీలలో నూఱుమందివఱకు మూత్రపిండములు చెడినవి. విచారింపగా తేలినదేమనగా, ఒక మూలికకు బదులు దానిని పోలిన పేరుగల అరిస్టొలోకియా మూలిక ఆ బిళ్ళలలో కలిసినది. కొడిసెపాలకు బదులు అంకుడుపట్ట వచ్చిన యెడల రోగము కుదురకపోవును. ఇచ్చట పేరు తాఱుమాఱైనందున ప్రాణములే పోయినవి. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంఘము 2002లో ఈ జాతి మూలికలను మనుష్యులకు పుట్టకురుపు కలిగించువానిలో చేర్చినది.

ఈ విషము మన పెద్దలకు ఏల తెలియలేదని యడుగవచ్చును. కారణము స్పష్టము. నేడు పసరు పోసిన రేపు పురుగు పడుట అందఱికిని కనబడును. ఇరువదియేండ్లకు మూత్రపిండము చెడుటను ఆనాటి పసరుతో జోడించి చూచుట ఏ యొక్క వైద్యునికిని, ఏ యొక్క అమ్మమ్మకును సాధ్యము గాదు. వెంటనే కలుగు గుణమును తెలిసికొనుటలో అనుభవము గొప్ప గురువు. ఆలస్యముగా కలుగు కీడును తెలుపుటలో అది మూగది. ఆ కొఱతను తీర్చునది లెక్క వ్రాసి, పోల్చి చూచు శాస్త్రమొక్కటే. కనుక "తాతలనాటినుండి వాడుచున్నాము, ఏమియు కాలేదు" అను మాట సాక్ష్యము గానేరదు.

కడపట అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. విరేచనములగు బిడ్డను చంపునది సాధారణముగా విరేచనము గాదు, ఒంటినుండి నీరు పోవుట. అట్టి బిడ్డకు నీరు పట్టిన విరేచనము హెచ్చునని, దాహముతో నాలుక పీకుచున్నను నీరీయక, ఆకుపసరులు వెదకుచు జాము గడపు ఇండ్లను మేము కన్నులార చూచితిమి. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగినప్పుడు, బనగాఁవున డాక్టరు దిలీప్ మహలనోబిస్‌గారు ఉప్పును, చక్కెరజాతి గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి వేలకొలది ప్రాణములను కాపాడిరి. చక్కెర ప్రేగుగోడను దాటునప్పుడు ఉప్పును వెంటబెట్టుకొని పోవును. ఆ రెంటివెంట నీరు పోవును. ఇంత చిన్న సూత్రము! వరిపిండితో కాచిన ఉప్పుజావయు ఇట్లే పనిచేయునని తరువాత పరీక్షలలో తేలినది. వరిసీమ వారమగు మన వంటయింట నిత్యము వార్చి పాఱబోయు గంజికి ఇంతటి చుట్టఱికము కలదు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. వాము, శొంఠి, జీలకఱ్ఱ వంటదినుసులుగా నుండనిండు. కొంచెపు అజీర్తికి అవి చాలును. గాడిదగడపను ఇంటికి రానీయకుడు. వసను పసిబిడ్డ నోట పెట్టకుడు. పేరు తెలియని పట్టను, పొడిని దుకాణదారుని మాటమీద కొనకుడు. బిడ్డకు విరేచనములైనచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు సమపు చెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి మాటిమాటికి పట్టుడు, చనుబాలు మానకుడు. మలమున నెత్తురు కనబడినను, బిడ్డ కన్నులు లోనికి పోయినను, మూత్రము నిలిచినను క్షణమాలసింపక వైద్యునియొద్దకు కొనిపొండు. త్రాగునీరు కాచి త్రాగుడు. మీది యూరి మురుగు క్రింది యూరి కుండలోనికి రాకుండ చేయుట యే యొక్క గృహిణివలనను కానిపని. అది ఊరివారందఱును కూడి చేయవలసినది. ఎంత మంచి యాకైనను చెడునీటికి విరుగుడు గాదు.